నల్ల లైటు కింద బాపు ఉత్తరం

నకిలీ స్టాంపును పట్టుకోవడంలో నన్ను మించినవాళ్లు మా జిల్లాలో లేరని ఒకప్పుడు పేరుండేది. పొగడ్తగా అన్నవాళ్లు కొందరు, తిట్టుగా అన్నవాళ్లు ఎక్కువమంది. నిజాం కాలపు అణా స్టాంపును పట్టుగుడ్డలో చుట్టి తెచ్చేవాళ్లు. చాయ్ తాగి, మంచీచెడ్డా మాట్లాడి, చివరికి "జర చూడుండ్రి మేడమ్" అని చేతిలో పెట్టేవాళ్లు. నేను చూసి, ఇది నిన్నమొన్నటి కాగితం, తీసుకుపొమ్మని చెప్పేదాన్ని. చెప్పే తీరు కాస్త మెత్తగా ఉండొచ్చు కదా అని తోటి టీచర్లు అనేవాళ్లు. అబద్ధానికి మెత్తదనం ఎందుకని నా వాదన. ఆ వాదన ఇప్పుడు గుర్తొస్తే నాకే సిగ్గేస్తుంది.

నిజానికి పట్టుకునేది నేను కాదు, లైటు. జానెడు పొడవున్న నల్లగాజు ట్యూబు, హైదరాబాదులో ఒక పాత సామాన్ల దుకాణంలో దొరికింది. అతినీలలోహిత కిరణాలని క్లాసులో పిల్లలకు చెప్పేదాన్ని. ఇంట్లో మాత్రం అది నల్ల లైటు. ఒకే స్టాంపు, ఒకే రంగు, ఒకే అచ్చు అయినా కాగితం వేరుగా ఉండొచ్చు. యుద్ధం రోజుల్లో మంచి కాగితం దొరక్క ఏది చేతికందితే దానిమీద అచ్చు వేశారని స్టాంపులు సేకరించే మాలో కొందరి నమ్మకం. పగటి వెలుతురులో అన్నీ ఒకటే. నల్ల లైటు కింద వెనక్కి తిప్పి చూస్తే ఒకటి మట్టిరంగులో మొద్దుగా ఉంటుంది, ఇంకొకటి మీగడ పసుపు, ఎక్కడో వందలో ఒకటి వంకాయ రంగులోకి దిగిపోతుంది. ఆ ఒక్కదానికోసమే ఈ పిచ్చంతా.

ఇంకో సంగతి ఉంది. ఆ తర్వాతి కాలంలో కాగితం మరింత తెల్లగా కనిపించాలని మిల్లుల్లో ఒక మందు కలపడం మొదలైంది, బట్టలకు నీలిమందు పెట్టినట్టు. ఆ మందున్న కాగితం ఈ లైటు కింద నీలితెలుపుగా భగ్గుమంటుంది. పోలీసు యాక్షన్ నాటి కాగితంలో ఆ మందు లేదు. కాబట్టి ఆనాటిదని చెప్పిన కాగితం వెలిగిందంటే అది అబద్ధం. నాకు అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

చూడటానికి చీకటి కావాలి. మా ఇంట్లో జొన్నలు పోసుకునే అర్రకు కిటికీ లేదు. సెలవు రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆ అర్రలోకి పోయి, తలుపు సందుల్లో గోనెసంచులు కుక్కి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కదలకుండా కూర్చునేదాన్ని. సబ్బుతో ఉతికిన చీరైతే చీరంతా వెలుగుతుంది, అందుకని ఉత్త నీళ్లలో జాడించిన పాత నల్లచీర కట్టుకునేదాన్ని. అయినా నా గోళ్లు వెలిగేవి. పళ్లు కూడా వెలుగుతాయని అద్దంలో చూశాక ఆ అర్రలో నవ్వడం మానేశాను.

మొదటిరోజే గోడమీద, నా తలకు జానెడు దూరంలో, పచ్చగా ఏదో వెలుగుతూ కనిపించింది. తేలు. మామూలు చూపుకు మట్టిగోడలో కలిసిపోయే నల్లతేలు, తోక చివరిదాకా పచ్చటి వెలుగు. కదల్లేదు. చిన్నప్పటినుంచి ఆ అర్రలోకి చీకట్లో చేతులు పెట్టి జొన్నలు తీసుకున్నదాన్ని. నాతోపాటు అక్కడ ఏమేం కూర్చుని ఉండేవో ఆ రోజు తెలిసింది. చెప్పు చేతికి తీసుకున్నాను గాని కొట్టలేకపోయాను.

మా ఊరు నార్కట్‌పల్లికి, చిట్యాలకు మధ్య, పెద్దరోడ్డు నుంచి రెండు కోసుల లోపలికి ఉంటుంది. మిలట్రీ వచ్చిన ఏడు, అంటే నలభై ఎనిమిది పోలీసు యాక్షన్ నాటికి, నాకు ఆరేళ్లు. బాపు, అంటే మా నాన్న, నిజాం మీద కొట్లాడే సంఘంలో తిరిగేవాడు. ఇంటికి ఎప్పుడొస్తాడో, ఎన్నాళ్లుంటాడో ఎవరికీ తెలియదు. రజాకార్లు వస్తున్నారంటే అవ్వ, అంటే బాపు తల్లి, నన్ను జొన్నల గరిసెలో దింపి మూత పెట్టేది. ఒకరోజు రోడ్డు దిక్కునుంచి దడదడ మొదలై ఆగలేదు. మిలట్రీ లారీలు. అంత దూరం నుంచి కూడా మా ఇంట్లో బిందెలో నీళ్లు వణికాయి. బాపు ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. "చూసొస్త, గటక సల్లారనియ్యి" అని అమ్మతో చెప్పి, కిర్రుచెప్పులు తొడుక్కుని బయటికి పోయాడు. మళ్లీ రాలేదు.

ఆ రోజుల్లో రానివాళ్లు చాలామంది. ఎవరు ఎవరిని కాల్చారో అడిగే దిక్కు లేదు. అడిగితే, నీకు వాడేమవుతాడని తిరిగి అడుగుతారు. అందుకని ఊళ్లో ఎవరూ గట్టిగా ఏడ్వలేదు. మా ఇంట్లోనూ ఏడ్వలేదు. అమ్మ పొద్దున్నే లేచి మొహం కడుక్కుని ఎప్పటిలాగే రూపాయంత బొట్టు పెట్టుకునేది.

చెప్పుల చప్పుడు ఆ చలికాలంలో మొదలైంది. మిట్టమధ్యాహ్నం, గల్లీలో మనిషి పురుగు లేని వేళ, కిర్రు కిర్రుమంటూ చివరినుంచి మా దర్వాజ దాకా వచ్చేది. గడప దగ్గర ఆగేది. తలుపు తీస్తే ఎవరూ ఉండరు. ఎండ, దుమ్ము, అంతే. నేను విన్నాను. సైన్సు టీచర్ని, దయ్యాలు లేవని ముప్పై ఏళ్లు పిల్లల చెవుల్లో ఇల్లుకట్టుకుని చెప్పినదాన్ని. అయినా విన్నాను. కాదన్నవాళ్లతో ఇప్పటికీ కొట్లాటకు దిగుతాను.

బాపు అన్నను నేను పెద్దబాపు అనేదాన్ని. పక్క వాకిలే ఆయనది. రెండేళ్ల తేడాలో ఆయన కొడుకులిద్దరు జ్వరంతో పోయారు. శివసత్తిని పిలిపిస్తే, పూనకంలో ఆమె మా దర్వాజ వైపు చెయ్యి చూపింది. "నీళ్లు దొరకని మనిషి గీ గడప సుట్టు తిరుగుతాండు" అంది. పెద్దబాపు అప్పటినుంచి మధ్యాహ్నాలు ఇంట్లో ఉండేవాడు కాదు. ఆయన్ని తప్పు పట్టలేను. ఇద్దరు పిల్లల్ని మట్టిలో పెట్టినవాడు.

కనపడకుండా పోయిన మనిషికోసం పన్నెండేళ్లు చూడాలని మాలో ఆచారం. పన్నెండేళ్లకు రాకపోతే చచ్చినట్టే లెక్క. మోదుగాకులతో మనిషి బొమ్మ చేస్తారు. తల, కాళ్లు, చేతులు అన్నీ ఆకులే. దానికి పాడె కట్టి, నిప్పు పెట్టి, మనిషికి చేసినట్టే కర్మ చేస్తారు. పదోనాడు భార్య గాజులు పగలగొట్టి బొట్టు తుడుస్తారు. పన్నెండో ఏడు నిండే నెలలో పెద్దబాపు అయ్యగారిని పిలిచి రోజు పెట్టించాడు. నేనప్పుడు నల్లగొండలో చదువుకుంటున్నాను. ఇంటికి వచ్చేసరికి వసారాలో మోదుగాకుల బొమ్మ పడుకోబెట్టి ఉంది. సగమే అయింది, కాళ్లింకా కుట్టలేదు. అమ్మ దాన్ని దాటి నీళ్లకు పోతూ వస్తూ ఉంది. ఆమెకు ముప్పై నాలుగేళ్లు.

మర్నాడు పొద్దున ఉర్దూ సారు వచ్చాడు. మా ఊరి పాతబడి పంతులు, మా బాపుకు దోస్తు. నిజాం రోజుల్లో ఊరి డాకు, అంటే టపా, కూడా ఆయనే చూసేవాడు. మిలట్రీ వచ్చినప్పుడు కొందరు ఆయన ఇంటిమీద పడితే, ఆయన్నీ ఆయన తల్లినీ మా అవ్వ తొమ్మిది రోజులు గడ్డివాములో దాచి అన్నం పెట్టింది. ఆయన చేతిలో పొగచూరిన కవరు ఉంది. పాత డాకు గది దూలాలు విప్పుతుంటే సందులో దొరికిందని చెప్పాడు. గడబిడలో ఆగిపోయిన డాకు. మీద నిజాం అణా స్టాంపు, దానిమీద సగం ముద్ర. లోపల ఉర్దూ.

బాపు చదువు ఉర్దూలో సాగింది. మాకెవరికీ ఉర్దూ చదవడం రాదు. పెద్దబాపు అసలు వేలిముద్ర మనిషి. అందుకని ఆ ఉత్తరాన్ని సారే చదవాల్సి వచ్చింది. ఒక్కో వాక్యం ఉర్దూలో చదివి తెలుగులో చెప్పాడు. మిలట్రీ వచ్చి రెండు నెలలైందట. బతికే ఉన్నాడట. బొంబాయి దాటి పోతున్నాడట. వెతకవద్దని, తన పేరున నిప్పు పెట్టవద్దని రాశాడట. మధ్యలో ఒకచోట సారు ఆగి, వాక్యం కోసం తడుముకున్నాడు. చూపు ఆనలేదేమో అనుకున్నాను.

అయ్యగారు లెక్క మార్చాడు. మిలట్రీ వచ్చినాక కూడా మనిషి బతికున్నాడు కాబట్టి ఆ ఉత్తరం నాటి నుంచి పన్నెండేళ్లు చూడాలన్నాడు. అదీగాక, వద్దని తన చేత్తో రాసినవాడికి నిప్పెట్టడం దోషమన్నాడు. రెండు నెలలు గడిచినా పెద్దబాపు మళ్లీ ఆ మాట ఎత్తలేదు, ఎందుకంటే చెప్పుల చప్పుడు ఆగిపోయింది. ఉత్తరం వచ్చిన రోజు నుంచి మా గల్లీలో అది మళ్లీ వినిపించలేదు. బతికున్నవాడు దయ్యమై ఎట్లా తిరుగుతాడని ఊరు తీర్పు చెప్పింది. వసారాలోని బొమ్మను మేకలు తిన్నాయి.

ఉత్తరం పసుపుబట్టలో చుట్టి దేవుని అర్రలో పెట్టింది అమ్మ. అవ్వ పోయింది, పెద్దబాపు పోయాడు, ఉర్దూ సారు పోయాడు. నేను పెళ్లి చేసుకోలేదు. అమ్మా నేనూ ఆ ఇంట్లోనే మిగిలాం. స్టాంపుల పిచ్చి ముదిరాక ఆ అణా స్టాంపు మీద నా కన్ను పడింది. ఆ వందలో ఒకటి అదేనేమో అని. ఎన్నిసార్లు అడిగినా అమ్మ ఇవ్వలేదు. చివరికి ఒక పెత్రమాసకు, పోయిన పెద్దల పేరున బియ్యమిచ్చే అమాసకు, పదిరోజుల ముందు, నా పోరు పడలేక, మూట తెచ్చి ఒళ్లో పడేసింది. "సూస్కో. టిక్కెట్టు మాత్రం పీకకు" అంది.

అర్రలో చీకటికి కళ్లు అలవాటు చేసుకుని లైటు వేశాను. నల్లబట్ట మీద కవరు పెట్టాను. స్టాంపు మొద్దుగా, మట్టిరంగులో ఉంది. మామూలు కాగితమే. అయ్యో అనుకున్నాను. అంతలో దాని చుట్టూ చూశాను. పొగచూరిన పసుపు కింద నుంచి కవరు మరకలు మరకలుగా వెలుగుతోంది. లోపలి కాగితం మడత విప్పాను. అర్రంతా నీలంగా తెల్లబడింది. నా గోళ్లు, గోడ, గరిసె మూత కనిపించాయి. ఆ వెలుగులో ఉర్దూ అక్షరాలు నల్లగా వరసకట్టి నిలబడ్డాయి. ఎవరో నా వెనక నిలబడి చదువుతున్నట్టు అనిపించి వీపు గోడకు ఆనించుకున్నాను.

నమ్మబుద్ధి కాలేదు. ఆ ఏటివే నిజమైన కవర్లు నా దగ్గర పాతిక ఉంటే అన్నీ తెచ్చి పక్కన పెట్టాను. ఒక్కటీ వెలగలేదు. భూతద్దం పెడితే ముద్ర సంగతి కూడా తెలిసింది. స్టాంపు మీద సగం ముద్ర అచ్చు, కవరు మీది సగం చేత్తో దిద్దింది. వేరెవరైనా తెస్తే ఒక్క నిమిషంలో విసిరికొట్టేదాన్ని.

తర్వాతి నాలుగు రోజులు నాకు నరకం. బాపు ఆ ఉత్తరం రాయలేదు. అంటే బాపు ఆ రోజే పోయాడు. అంటే అన్నేళ్లుగా ఆయనకు నిప్పు లేదు, నీళ్లు లేవు. శివసత్తి చెప్పిందే నిజం. సైన్సు టీచరువు, నీకివన్నీ ఏమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే మధ్యాహ్నాలు చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. నిజం చెబితే అమ్మ బొట్టు పోతుంది. అరవై దాటిన మనిషి, ఆ ఉత్తరాన్ని పట్టుకుని ప్రాణం నిలుపుకున్న మనిషి. చెప్పకపోతే బాపు అట్లా గడప చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. రహస్యంగా పెత్రమాస నాడు బాపు పేరున బియ్యం ఇవ్వవచ్చా అని అయ్యగారి కొడుకును అడిగొచ్చాను. ఆడదానివి, పైగా కర్మే జరగలేదు, ఎట్లా ఇస్తావన్నాడు. ఆయన మీద అరిచి వచ్చాను.

ఐదో రోజు పొద్దున అమ్మ వసారాలో చాటలో బియ్యం ఏరుతోంది.

"నాలుగు దినాల సంది అన్నం సక్కగ తింటలేవు. గా లైట్ల ఏం కనవడ్డది?" అంది.

"ఏం లేదమ్మ."

"నాకు తెల్వదా? ఉత్తరం ఇచ్చిన కాడికెల్లి నా మొకం సూస్తలేవు."

ఎంతమందికో మొహం మీద చెప్పినదాన్ని, అమ్మ మొహం చూడలేకపోయాను. చివరికి చాట వైపు చూస్తూ చెప్పాను. "గా ఉత్తరం బాపు రాసింది కాదమ్మ."

"కాదు" అంది అమ్మ. ఒక రాయి ఏరి అవతల పడేసింది. "నేనే రాపిచ్చిన."

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పుకుపోయింది.

"ఉర్దూ సారుతోని, పన్నెండేండ్లు నిండకముందే. కాగితం నీదే, నీ కాలేజీ రికార్డుల కెల్లి చింపిన. సారు తన తాన ఉన్న పాత కాగితం తెస్తనన్నడు. నేనే వద్దన్న. మీ బాపు రాసిన ఉత్తరం మంచి కాగితం మీద ఉండాలె గద. టిక్కెట్టు మీ బాపుదే, ఎన్కట పట్నంల ఉన్నప్పుడు రాసిన ఉత్తరానిది. నీళ్లల్ల నానవెట్టి తీసి తుమ్మబంకతోని అతికిచ్చినం. అవ్వ పొయ్యి పైన అటుక మీద వెట్టి నెలదినాలు పొగ వట్టిచ్చింది."

నేను ఇన్నేళ్లు ఛీకొట్టిన పని, మా ఇంట్లో, నా కాగితంతో. ఉర్దూ సారు తన చేత్తో రాసినదాన్ని అందరి ముందు కొత్తగా చదివాడు. కోపం రావాల్సింది. రాలేదు.

"మరి బాపు?" అన్నాను.

"మిలట్రీ పోయిన మూడోనాడు గొర్లకాపరి అవ్వకు చెప్పిండు, రోడ్డు పక్కన నీ కొడుకు పడి ఉన్నడని. అవ్వ, నేను గంపలు నెత్తికెత్తుకుని పిడకలకు పోయినట్టు పోయినం. ఎవలు కాల్చిన్రో తెల్వదు. ఏడిస్తె ఎవలన్న వస్తరు, మీకేమైతడని అడుగుతరు, ఇంటి పేరు రాసుకుంటరు. నువ్వు ఇంట్ల గరిసెల ఉన్నవ్. అవ్వ కొంగు నోట్ల కుక్కుకున్నది. చేన్ల కంది కట్టె ఉంటే తెచ్చినం. కంది కట్టె గుప్పుమని మండి ఆరిపోతది. మూడు సార్లు మోసినం."

"నిప్పు ఎవలు పెట్టిన్రు?"

"నేనే పెట్టిన."

చాట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మీ పెదబాపుకు చెప్పలే. ఆయన నోట్ల నువ్వుగింజ నానదు. తర్వాత ఆకుల బొమ్మ తెచ్చిండు. ఒకపారి కాలవెట్టిన మనిషిని మల్ల కాలవెడ్తరా? గా ఆకులకు నేను గాజులు పగలగొట్టుకోవాల్నా? బొట్టు నేను పుట్టినప్పటి సంది పెట్టుకుంటున్న. మీ బాపు తెచ్చిండా దాన్ని?"

"మరి చెప్పుల చప్పుడు వినవడేది కదమ్మ."

అమ్మ చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. "నాకు సుత ఇనవడేది" అంది.

"ఉత్తరం వచ్చినంక ఎందుకు ఆగింది మరి?"

"ఏమో. ఆయన సుత నమ్మిండేమో."

నేను అప్పుడు ఏడ్చాను. నలభై ఏళ్ల కిందటి ఏడుపు. అమ్మ ఏడ్వలేదు, నా వీపు మీద చెయ్యి వేసి ఊరుకుంది. నన్ను అబద్ధంతో పెంచిందని కాదు నా బాధ. ఇన్నాళ్లూ అమ్మ ఆశతో బతుకుతోందని జాలిపడ్డాను, ఆమె అన్నీ తెలిసి బతికింది, ఒక్కతే. అవ్వ పోయినప్పటి నుంచి ఆ మాట పంచుకోవడానికి ఇంట్లో మనిషి కూడా లేదు. నేను పక్కనే ఉండి స్టాంపులు చూసుకున్నాను.

ఏ జాగలో అని అడిగాను. చిట్యాల రాకముందే రోడ్డు వంపు తిరిగేచోట, వాగు మీద చిన్న కల్వర్టు ఉంటుంది, దాని పక్కన అని చెప్పింది. నాకా చోటు బాగా తెలుసు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి పొద్దున, సాయంత్రం దాని మీదుగానే బడికి పోయి వచ్చేదాన్ని. ఆ కల్వర్టు దగ్గర బస్సు ఎత్తి పడేసేది, కిటికీకి తల ఆనించి నిద్రపోతున్న నేను ఉలిక్కిపడి లేచి డ్రైవరును తిట్టేదాన్ని.